ముక్కల్లో ముఖం

హైదరాబాదు తూర్పు శివారులోని మీర్‌పేట్, హస్తినాపురం కాలనీల్లో మొజాయిక్ అన్న మాట వినగానే పాత ఇళ్ళ గచ్చు గుర్తుకు వస్తుంది; సిమెంటులో రంగురాళ్ళ చిప్స్ కలిపి పోసి, ఆరిన తర్వాత మిషనుతో అరగదీసి మెరుగుపెట్టిన ఆ నేలను ఒక తరం తెలుగువారంతా ఆ పేరుతోనే పిలిచారు. కళాశాస్త్రంలో మొజాయిక్ అంటే వేరు. రాయి, గాజు, పింగాణి వంటి గట్టి పదార్థాలను చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్కదాని చోటూ వాలూ చూసి అతికి, వాటితో బొమ్మను పుట్టించే విద్య అది. గచ్చులో చిప్స్ పడినచోట పడతాయి. చిత్రంలో ఏ ముక్కా పడినచోట ఉండదు, పెట్టినచోటే ఉంటుంది. ఈ విద్యలో అన్నింటికంటె కఠినమైనది మనిషి ముఖం. పువ్వులో ఒక రేకు వంకరపోయినా పువ్వు పువ్వుగానే ఉంటుంది గాని, పెదవి చివర ఒక ముక్క పక్కకు జరిగితే ఆ మనిషి మరొక మనిషి అయిపోతాడు.

గ్రీకులు గులకరాళ్ళతో నేలలు పరిచారనీ, ఆ తర్వాతివారు వాటికి బదులు కోసిన రాతిముక్కలు వాడారనీ తెలిస్తే ఇక్కడికి చాలు. చూడవలసింది వారు చేసిన పని. పాంపేయి శిథిలాల్లో 1831లో బయటపడి, ఇప్పుడు నేపుల్స్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్న అలెగ్జాండర్ యుద్ధచిత్రంలో పది లక్షలకు పైగా ముక్కలున్నాయని అంచనా. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు వర్ణాల ఛాయలతోనే పారశీక రాజు డరియస్ కళ్ళలోని భయాన్ని నిలిపినవాడు, కిందపడిన పారశీక సైనికుడి ముఖం ఎదుటి డాలు నునుపులో ప్రతిఫలించడాన్ని కూడా చూపగలిగాడు. ఇంతటి పని చేసిన చేతుల పేరు మాత్రం మిగల్లేదు. రావెన్నా నగరంలో 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ విటాలె చర్చిలోని బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్, ఆయన రాణి థియొడోరాల ముఖాలు పదిహేను వందల ఏళ్ళకు దగ్గరవుతున్నా చూపు దించలేదు. ఈ కాలానికి వస్తే, న్యూయార్కు మెట్రోలో 2017లో తెరిచిన 86వ వీధి స్టేషను గోడల మీద చిత్రకారుడు చక్ క్లోజ్ రూపచిత్రాలు పెద్ద పెద్ద ముఖాలుగా నిలిచి, ఈ కళకు కాలం చెల్లలేదని నిరూపిస్తున్నాయి.

విద్యార్థికి మొదటి పాఠం చూడడం. ఫోటోను బోర్డు కొలతకు పెద్దది చేసి గీసుకున్నాక, కళ్ళు సగం మూసి చూస్తూ ముఖంలోని వెలుగునీడలను ఐదారు మెట్లుగా విడగొట్టుకోవాలి. చిత్రకారులు టోన్ అని పిలిచే ఈ మెట్లు కుదిరిన తర్వాతే రంగు మాట. అంగడిలో "స్కిన్ కలర్" అని అమ్మే లేత గోధుమ బిళ్ళలతో తెలుగువారి ముఖం రాదు. ఇటుక ఎరుపు, కాఫీ, బెల్లం, చింతపండు రంగులు కలవాలి, చెంప నీడలో ఆకుపచ్చ కలిసిన నీలం నాలుగు ముక్కలైనా పడాలి. దగ్గరనుంచి వింతగా కనిపించే ఆ నీలమే పది అడుగుల దూరం నుంచి చర్మం కింది చల్లదనమై కనిపిస్తుంది.

తరువాతిది కోత. కార్బైడు అంచులున్న నిప్పర్ అనే పట్టకారుతో బిళ్ళ అంచును మాత్రమే పట్టి నొక్కితే చీలిక దానంతట అదే అవతలి అంచుదాకా పరుగెత్తుతుంది. బిళ్ళనంతా పట్టకారు నోట పెట్టి నొక్కితే పొడి అవుతుంది. మామూలు పింగాణి టైలుకు రంగు పైపూతలోనే ఉంటుంది కాబట్టి కోసిన పక్క లోపలి మట్టి బయటపడుతుంది; గాజుబిళ్ళకు రంగు లోపలిదాకా ఉంటుంది. కంటి అద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోవడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

అన్నింటికీ మించినది వరుసల నడక. ముక్కలు ఒకదాని వెంట ఒకటి సాగే దిశను ఇటలీవారు అందమెంతో అంటారు. తెలుగు చెవికి ఆ మాట పొగడ్తలా వినిపించడం యాదృచ్ఛికమే అయినా, అంతకంటె తగిన పేరు దొరకదు. నుదుటి మీద వరుసలు విల్లులా వంగాలి, చెంప ఎముక చుట్టూ నీటి అలల్లా తిరగాలి, ముక్కుదూలం మీద నిలువుగా దిగాలి, గడ్డం దగ్గర మళ్ళీ చుట్టుకోవాలి. ముఖం మీద కండ ఎటు తిరిగితే వరుస అటు తిరగడమే ఇక్కడి సూత్రం, అది తెలియనివారు గళ్ళకాగితం మీద నింపినట్టు నింపితే మిగిలేది ఇటుకగోడ. కంటిపాపలోని మెరుపు కోసం పెట్టే తెల్లముక్క బియ్యపుగింజంత ఉంటుంది గాని, అది గింజ వెడల్పు జరిగితే చూపే మారిపోతుంది. సెంటీమీటరు ముక్కలతో 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు బోర్డు నింపాలంటే సుమారు 5,000 ముక్కలు కావాలి. అంటే విద్యార్థి ఐదు వేలసార్లు నిర్ణయం తీసుకుంటాడు.

అతికే పద్ధతులు రెండు. ముక్కలను కాగితం మీద బోర్లా, ఎడమ కుడిగా తారుమారు చేసి పిండిజిగురుతో అంటించి, తర్వాత గోడ సిమెంటులోకి అదిమి, కాగితాన్ని తడిపి తీసేది తిరగేసిన పద్ధతి. పెద్ద గోడలకు అది సౌకర్యం. రూపచిత్రానికి మాత్రం ముక్కను రంగువైపు పైకి పెట్టి నేరుగా బోర్డు మీద అతికే పద్ధతే పద్ధతి. పుడుతున్న ముఖాన్ని చూడకుండా ముఖం చేయడమెలా? చివరిది సందులు నింపడం. టైల్స్ మేస్త్రీల అలవాటు ప్రకారం తెల్లసిమెంటు పూస్తే రంగులన్నీ వెలవెలపోతాయి; బూడిదరంగు గ్రౌట్ నింపి, బిగిసేలోగా తడిస్పాంజితో తుడిస్తే ప్రతి ముక్కా తన రంగుతో నిలబడుతుంది.

ముక్కలను కోసి ఒదిగించే ఈ పనికి గురుపీఠం హైదరాబాదులోనే ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1590ల్లో చార్మినార్‌కు చేరువలో కట్టించిన బాదషాహీ అషూర్‌ఖానా అనే మొహర్రం సంతాపశాల గోడల మీద ముఖాలు లేవు. పీర్ల ఊరేగింపులో ఎత్తే ఆలం ఆకారాలు, షడ్భుజాలు, లతలు ఉన్నాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు పింగాణి ముక్కలు వంపు పక్కన వంపు వెంట్రుకవాసి సందుతో ఒదిగిన తీరు చూసినవారికి, వరుస నడక అంటే ఏమిటో పుస్తకం చెప్పనవసరం ఉండదు. ఇస్ఫహాన్ పనితనాన్ని పొగిడే నోళ్ళు ఈ గోడను ఒక్కసారి చూసి మాట్లాడడం న్యాయం. 1908 మూసీ వరద ఈ గోడల కింది భాగాన్ని దెబ్బతీసినప్పుడు, పోయిన ముక్కలకు బదులు అదే నమూనాను రంగుతో పూసి సరిపెట్టారు. ఆ పూతకు పైన నాలుగు శతాబ్దాల పింగాణి ఇంకా మెరుస్తుంటే, కింద శతాబ్దం నాటి రంగు వెలిసిపోయింది. అసలుకూ నకలుకూ తేడా ఇంత పచ్చిగా ఒకే గోడ మీద మరెక్కడ కనిపిస్తుంది?

ఆ రోజు వరద వచ్చింది కాబట్టి పూశారు. ఈ రోజు ఏ వరదా రాకుండానే పూస్తున్నారు. యంత్రంతో మొజాయిక్ గళ్ళు అచ్చువేసిన టైళ్ళు ఎల్.బి.నగర్ దుకాణాల్లో చదరపు అడుగుల లెక్కన దొరుకుతుంటే, సందు కూడా అచ్చులోనే ఉంటే, ఇక కోసే చెయ్యి ఎవరికి కావాలి? ఫోటోను చతురస్రాలుగా విరిచే కంప్యూటరు బొమ్మను మొజాయిక్ అని పిలవడం ఈ కళకు జరుగుతున్న అవమానం. దానికి చెంప ఎముక తెలియదు, వరుస ఎటు వంగాలో తెలియదు. దానిని చూసి మురిసిపోయే కళ్ళు క్రమంగా నిజమైన పనిని గుర్తించే శక్తినే పోగొట్టుకుంటాయి.

కావలసిన సరుకు మాత్రం ఇంటి ముందే ఉంది. మీర్‌పేట్‌లో కొత్త ఇల్లు లేచే ప్రతి వీధిలో మేస్త్రీలు "వేస్టేజీ" అని పారబోసే టైలుముక్కల కుప్ప ఉంటుంది. పగిలిన పింగాణి, విరిగిన గాజులతో నేక్‌చంద్ చండీగఢ్‌లో ఒక తోటనే నిలబెట్టాడు. దాన్ని 1976లో ప్రజలకు తెరిచారు. చూపు పోయిన తర్వాత కూడా చిత్రకారుడు వినోద్‌బిహారీ ముఖర్జీ 1972లో శాంతినికేతన్ కళాభవన్ గోడ మీద పింగాణి పలకల చిత్రం నిలిపాడు. అంతటివారి దారి ముందుండగా, ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి మాసాబ్‌ట్యాంక్ లలితకళల కళాశాలకు వెళ్ళే తూర్పు హైదరాబాదు విద్యార్థికి లేనిది సరుకూ కాదు, ప్రతిభా కాదు, గోడ. మంత్రాల చెరువు చుట్టూ, మెట్రో స్తంభాల కింద, ప్రభుత్వ బడుల ముందు గోడలు ఏటేటా రంగుపూతకు నోచుకుంటున్నాయి, వానలకు ఏటేటా వెలిసిపోతున్నాయి. వాటిలో ఒక్కదాని మీదనైనా, ఈ ఊరి టైల్స్ మేస్త్రి ముఖాన్ని, అతను పారబోసిన ముక్కలతోనే, ఈ ఊరి పిల్లలచేత అతికించడానికి పురపాలకులు ముందుకు రావాలి.