నాగేష్ నవ్వులో ఆకలి

నాగేష్‌ను తమిళ హాస్యనటుడని ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. 1933లో కన్నడం మాట్లాడే ఇంట పుట్టి, ధారాపురంలో పెరిగి, రైల్వేలో గుమాస్తాగా పనిచేసి, నాటకాల మీదుగా సినిమాలకు వచ్చినవారాయన.

‘తిరువిళైయాడల్’ (1965)లో ఆయన ధరించిన తరుమి మనకు కొత్తవాడు కాదు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని నత్కీరుని కథే అది. పేదవాడికి శివుడు పద్యం రాసిస్తాడు. సభలో నత్కీరుడు తప్పు పడతాడు. చదివేటప్పుడు మన చూపంతా నత్కీరుడి మీదే ఉంటుంది. నాగేష్ దాన్ని పేదవాడి మీదికి తిప్పారు. వెయ్యి బంగారు కాసులకు ఆశపడుతూ, అంతలోనే బెదురుతూ, తనలో తాను గొణుక్కునే ఆ మనిషి మనల్ని నవ్విస్తున్నంతసేపూ అతని ఆకలి కనిపిస్తూనే ఉంటుంది. శివుడుగా శివాజీ గణేశన్ ఎదుట నిలిచినా ఆ కాసేపటి పాత్ర వెలవెలబోలేదు.

‘సర్వర్ సుందరం’ (1964)లో హోటలు సర్వరూ, ‘ఎదిర్ నీచ్చల్’ (1968)లో ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే అనాథా ఆ తరుమికి అన్నదమ్ములే. ఒట్టి కోతిచేష్టలతో సరిపెట్టిన సినిమాలూ లేకపోలేదు. పరిశ్రమ ఆయన్ను ఎక్కువగా వాడుకున్నది అందుకే. ‘నమ్మవర్’ (1994)లో ఉత్తమ సహాయనటుడిగా జాతీయ పురస్కారం అందేసరికి అరవై దాటాయి. 2009లో కన్నుమూశారు.

ఇంట ఒక భాష, వీధిలో ఒక భాషగా బతికే మనం ఆయన్ను ఇంకో కారణానికీ తలచుకోవాలి. తమిళాన్ని ఆయన అరువు సొమ్ములా వాడలేదు. ఆకలీ, భయమూ, వెక్కిరింతా అన్నీ అందులోనే పలికించారు.