చెరలో కీర్తన, గడప బయట గబ్బిలం

137వ కీర్తనను, గుర్రం జాషువా 'గబ్బిలం' (1941) కావ్యాన్ని కలిపి చదివినప్పుడు దేవాలయానికి దూరమైన మనుష్యులే రెండింటిలోనూ మనకు కనబడతారు. అయితే ఆ దూరాలు వేరు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో యెరూషలేము ఆలయం కూలింది. బబులోను చెరలో యూదులు సితారాలను చెట్లకు తగిలించి పాట మానుకున్నారు. జాషువా కథానాయకునికి స్వదేశమే చెర. ఆలయం నిలిచే ఉంది గాని అంటరానితనం దాని ద్వారం మూసింది. అందుచేత అతడు, లోపలికి పోగల గబ్బిలాన్ని, పూజారి లేని సమయంలో తన గోడు శివునికి విన్నవించమంటాడు.

కీర్తన శత్రువు పసిపిల్లలపై సైతం ప్రతిదండన కోరుతూ ముగుస్తుంది. జాషువా ఆగ్రహం కర్మ సిద్ధాంతాన్నే నిలదీస్తుంది. శత్రువు పరాయి రాజ్యమైతే శపించవచ్చు. పొరుగువాడే అయితే అతనితోనే బ్రతకాలి. ఈ భేదం ఆయా సమాజాల జీవితం నుండి పుట్టిందని మా అభిప్రాయం.

మన ఆరాధనల్లో ఆ కీర్తన చివరి వచనాలను విడిచిపెట్టడం, జాషువాను 'క్రీస్తు చరిత్ర' కవిగా మాత్రమే స్మరించడం, రెండూ బాధితుని కోపాన్ని వినకుండా తప్పించుకునే మార్గాలే. ఆ కోపాన్నీ ప్రార్థనగా ఎంచినప్పుడే మన వేదాంతం గడప బయట ఉన్నవాని పక్షాన నిలబడగలదు.