రసానికో రంగు, అంకెకో రంగు

ఓరుగల్లు వాళ్లకు జాయప సేనానిని పరిచయం చేయనక్కర్లేదు. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) అయిన ఆయన 1253-54లో ‘నృత్తరత్నావళి’ రాసి, ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగూ మార్గానికి, తరువాతి నాలుగూ దేశికి ఇచ్చాడు. మార్గమంటే భరతుడి బాట, దేశి అంటే ప్రాంతానికో తీరు. ఆ భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసాలకు రంగులు పంచాడు: శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు కపోతవర్ణం, రౌద్రానికి ఎరుపు. కంటికి అందని అనుభవాన్ని కంటికి అప్పగించడమిది.

సినెస్థీషియా, అంటే ఒక అనుభవానికి తోడుగా మరో ఇంద్రియానుభవం మేలుకునే గుణం, ఉన్నవాళ్ల మెదడూ అలాంటి పనే చేస్తుంది. నల్లసిరాతో అచ్చయిన 5 ఒకరికి పచ్చగా తోస్తే, ఇంకొకరికి వంగపండు రంగులో తోస్తుంది. శాస్త్రంలోని రంగు గురువు చెబితే తెలుస్తుంది. వీళ్లకు ఎవరూ చెప్పకుండానే, వద్దన్నా వస్తుంది. భరతుడి ఎరుపు సభకంతటికీ ఒకటే, వీళ్ల ఎరుపు మాత్రం ఎవరిది వారిదే. జాయప లెక్కన ఇది మనిషికొక దేశి. నిలకడలో మాత్రం ఇద్దరూ దాయాదులే. రౌద్రం రంగు తరాలుగా మారనట్టే, ఏళ్ల తరువాత అడిగినా వీళ్ల 5 రంగు మారదు. పరిశోధకులు వీళ్లను గుర్తుపట్టేది ప్రధానంగా ఈ నిలకడతోనే.

మరి ఆ రంగు ఎక్కడుంది? భరతుడిని అడిగితే సంప్రదాయంలో ఉందంటాడు. మెదడు పరిశోధకులు వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ 2001లో మెదడు అడుగున వెతికారు. అక్కడ అంకెల్ని పోల్చుకునే చోటూ రంగుల్ని పోల్చుకునే చోటూ ఇరుగుపొరుగు ఇళ్లు. నడిమి గోడలో తలుపు తెరిచే ఉంటే ఒకింటి అలికిడికి రెండో ఇల్లూ మేలుకుంటుందని వాళ్ల ఊహ. 2007లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రోమ్కె రౌ, స్టీవెన్ స్కోల్టె సినెస్థీషియా ఉన్నవాళ్లు 18 మందినీ, మామూలువాళ్లు 18 మందినీ స్కాన్ తీసి పోల్చారు. నీటి అణువుల కదలికను బట్టి నరాల తంతువుల దారి పట్టే స్కాన్ అది. రంగు చూసేవాళ్లలో కొన్నిచోట్ల ఆ అల్లిక బలంగా కనిపించింది. రంగు మనసులో కాదు, ఎదుట కాగితం మీదే ఉందనేవాళ్లకు కణత అడుగున మరీ బలంగా.

కథ ఇక్కడితో కంచికి వెళ్లలేదు. 2015లో ఊపే, దోజా అనే ఇద్దరు ఇలాంటి అధ్యయనాలన్నీ తిరగేసి, నిర్మాణంలో తేడా ఉందన్న మాట ఇంకా రుజువు కాలేదన్నారు. రామచంద్రన్ ఊహంటే నాకు మోజు, ఈ ఇద్దరి అనుమానమంటే గౌరవం. రెండింటికీ చోటుంది.

అదే ఏడాది విటాఫ్ట్, వినావర్, ఈగిల్‌మన్ అక్షరాలకు రంగులు చూసే 6,588 మంది ఇంగ్లిష్ భాషీయుల రంగులు పరిశీలించారు. వాళ్లలో కనీసం 6 శాతం మందికి ఆ రంగుల్లో చాలావరకు ఫిషర్-ప్రైస్ అయస్కాంతపు అక్షరాలవి! ఆ బొమ్మ తయారీ మొదలయ్యాక పదేళ్లలో పుట్టినవాళ్లలో కొన్నేళ్ల గుంపులకు అది దాదాపు 15 శాతం; తయారీకి ఐదేళ్లు, అంతకన్నా ముందు పుట్టినవాళ్లలో సున్నా. అక్షరానికి రంగు అంటుకోవడం మెదడు గుణమే కావచ్చు. ఏ రంగన్నది మాత్రం కొందరికి ఫ్రిజ్ తలుపు నేర్పింది, నాట్యాచార్యుడు శిష్యుడికి నేర్పినట్టే. కాకపోతే భరతుడు రంగుతోపాటు శృంగారానికి విష్ణువును, రౌద్రానికి రుద్రుణ్ణి అధిదేవతలుగా చూపాడు. ప్లాస్టిక్ ‘ఎ’కి ఎరుపే గానీ అధిదేవత లేడు.