బడ్జీలకూ ఒక మధ్యాహ్నపు కునుకు

బడ్జీలను తెచ్చుకున్న నెల తిరక్కుండానే చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: వీటి నోరు మూయించేదెలా? అరవని బడ్జీ ఎక్కడా లేదు. వేళకు ఊరుకునే బడ్జీలు మాత్రం చాలా ఇళ్లలో ఉన్నాయి. పంజరం మీద తట్టో, గద్దించో ఎవరూ వాటికి ఆ అలవాటు చేయలేదు. రోజులో వాటంతట అవే ఊరుకునే వేళ ఒకటుంటుంది. ఆ ఇళ్లవాళ్లు దాన్ని చెడగొట్టకుండా కాపాడుకున్నారు, అంతే. పక్షుల్ని పెంచడంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే విద్య ఇదే.

హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో 'లవ్ బర్డ్స్' అని జతల లెక్కన అమ్మే ఈ పిట్టల పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమధ్యన ఉన్న ఎండు నేలలు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండు చేర్చాక ప్రపంచమంతా పాకాయి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జీ పరాయి దేశపు పక్షి కనుక ఇళ్లలో దానికి చోటు దొరికింది.

సొంత గడ్డ మీద ఇవి గుంపులు గుంపులుగా వానల వెంట, గడ్డి గింజల వెంట తిరుగుతాయి. తెల్లారుతూనే గోల మొదలవుతుంది. నీళ్లు తాగి, మేత మేసి, ఎండ ముదిరేసరికి చెట్లెక్కి ఆకుల నీడలో సర్దుకుంటాయి. పొద్దు వాలాక మళ్లీ సందడి. పంజరంలో పుట్టి, చెట్టు ముఖం చూడని పిల్లకు కూడా ఈ దినచర్య ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి ఉదయం, సాయంత్రం అరుపుల్ని ఆపాలని చూడటం వృథా ప్రయాస. మధ్యాహ్నం మాత్రం మన చేతిలో ఉంది.

ముందు ఆ అరుపు దేనికో తెలియాలి. గుంపులో బతికే పక్షికి తోటివాళ్లు ఎక్కడున్నారో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి. 'నేనిక్కడున్నా, నువ్వెక్కడ?' అన్నట్టు ఒక పిలుపు విసురుతుంది. కలిసి ఉండే బడ్జీల పిలుపులు కొన్నాళ్లలో ఒకదాన్నొకటి పోలేలా మారతాయి. మగపక్షి తన జంట పిలుపును నేర్చుకుంటుంది. ఒంటరి బడ్జీకి ఆ గుంపు మనమే. మనం పక్కగదిలోకి వెళ్లగానే గొంతు చించుకునేది అందుకే. "ఏయ్, ఊరుకో!" అని మనం కేకేస్తే దానికి జవాబు దొరికినట్టే, రేపు ఇంకాస్త గట్టిగా పిలుస్తుంది. అది అరుస్తున్నంతసేపూ పలక్కుండా, మధ్యలో చిన్న విరామం రాగానే మెల్లగా ఒక ఈల వేయాలి. ఎప్పుడూ అదే ఈల. మొదట్లో గోల తగ్గకపోగా పెరుగుతుంది, అక్కడే చాలామంది ఓపిక కోల్పోతారు. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉంటే, కొన్నాళ్లకు అరుపు స్థానంలో ఆ ఈల లాంటి చిన్న పలకరింపు వస్తుంది.

ఇక మన చప్పుళ్ల సంగతి. చుట్టూ రొద పెరిగితే మనకు తెలియకుండానే మన గొంతు పెరుగుతుందని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో రాశాడు. బడ్జీలూ అంతేనని 1998లో ప్రయోగశాలలో తేలింది. మిక్సీ వేసి చూడండి. పంజరంలోని బడ్జీలు మెడలు నిక్కించి, గొంతు కింది ఈకలు అదిరేలా అందుకుంటాయి. మిక్సీ ఆగినా అవి వెంటనే ఆగవు. టీవీ, కుక్కరు విజిల్, ఫోనులో పెద్ద గొంతుతో కబుర్లు, అన్నీ వాటికి పోటీకి పిలుపులే. అసలు పంజరం వంటగది దరిదాపుల్లో ఉండకూడదు. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ ఈ పిట్టల ప్రాణం తీస్తుంది. జనం మసలే గదిలోనే, ఒకవైపు గోడ ఆనుకుని, మన కంటి ఎత్తులో పెడితే నిబ్బరంగా ఉంటాయి.

మధ్యాహ్నం కునుకు పట్టాలంటే పొద్దున్నే ఒళ్లు అలవాలి. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి కాసేపు గదిలో ఎగరనివ్వాలి. తడి కొత్తిమీర కట్ట వేలాడదీస్తే అందులో దూరి స్నానం కానిస్తాయి. ఆ తర్వాత కొర్ర కంకి. గిన్నెలో పోసిన కొర్రలను గబగబా తినేసి అరుపులకు దిగే పక్షి, కంకిని మాత్రం కాలితో నొక్కిపట్టి, ఒక్కో గింజా లాగి, నాలుకతో తిప్పి, పొట్టు రాల్చి తింటుంది. మన భోజనాలు అయ్యాక కర్టెన్లు సగం దించి, టీవీ కట్టేసి, మనమూ కాస్త నడుం వాల్చాలి. కాసేపటికి పక్షి ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుంటుంది, తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో దాచుకుంటుంది. దగ్గరికెళ్లి వింటే ఇసుక కాగితం మెల్లగా రుద్దినట్టు ముక్కు నూరుకునే చప్పుడు. పక్షి హాయిగా ఉందనడానికి అంతకన్నా గుర్తు లేదు.

మగపక్షి మగతలో గొణుక్కునే మాటలు కూడా ఈ వేళే వినాలి. మనం నేర్పిన పలుకుల్ని అప్పుడే సాధన చేసుకుంటుంది. కాలిఫోర్నియాలో పక్ అనే బడ్జీ 1,728 మాటలతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. మన బడ్జీ నాలుగు మాటలు నేర్చినా చాలు, అవి టీవీ రొదలో రావు.

రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. రోజూ ఒకే వేళకు మూడు వైపులా పల్చటి నూలు గుడ్డ కప్పి, ఒక వైపు గాలికి వదలాలి. చీకట్లో ఉలిక్కిపడి పంజరానికి కొట్టుకునే పక్షికి చిన్న బెడ్‌లైటు వెయ్యాలి. గోల చేసిందని పట్టపగలు గుడ్డ కప్పడం మాత్రం నాకు సుతరామూ నచ్చదు. దానికి శిక్ష అర్థం కాదు, నిద్రవేళలు తారుమారవుతాయి. పంజరంతో పాటు కొట్టువాడు గూడుగా అంటగట్టే మట్టికుండ కూడా, పిల్లలు అక్కర్లేకపోతే, తీసేయడమే మంచిది. కుండ కోసం ఆడపక్షులు పోట్లాడుకుంటాయి.

ఊరుకున్న ప్రతి బడ్జీ హాయిగా ఉన్నట్టు కాదు. బాల్కనీ మీదుగా గద్ద నీడ పోతే బడ్జీలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి, ఈకలు ఒంటికి అతుక్కుంటాయి. అది భయం, కాసేపట్లో తేరుకుంటాయి. ఎప్పుడూ వాగే పక్షి పొద్దున్నే మౌనంగా ఉండి, ఈకలు ఉబ్బించి, రెండు కాళ్ల మీదా కూలబడి, ఊపిరితో పాటు తోక ఊగుతూ ఉంటే అది జబ్బు. పక్షులు రోగాన్ని చివరిదాకా దాస్తాయి. ముప్ఫై నలభై గ్రాముల ప్రాణం, తిండి మానితే ఎంతోసేపు తట్టుకోలేదు. వెచ్చగా ఉంచి, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి ఆ పూటే తీసుకెళ్లాలి.