బోర్గుండ్ చర్చి: నీటికి దారి చూపిన వడ్రంగం

నార్వే పశ్చిమాన లేర్డాల్ ప్రాంతంలోని బోర్గుండ్‌లో నల్లగా, అంచెలంచెల కప్పులతో ఒక చెక్క చర్చి ఉంది. దాని దూలాల్లోని వార్షిక వలయాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు ఆ మానులను 1180-81 చలికాలంలో నరికారని తేల్చారు. అప్పుడు ఓరుగల్లు ప్రాంతాన్ని ఏలుతున్నది కాకతీయ రుద్రదేవుడు. ఆనాటి రాతి గుడి నేటికీ నిలిచిందంటే ఎవరికీ వింత అనిపించదు. వానకూ మంచుకూ ఒళ్లప్పగించిన చెక్క ఇన్ని శతాబ్దాలు నిలవడమే విశేషం.

ఈ పనితనం ఊరికే రాలేదు. అంతకుముందు తరాల వడ్రంగులు గుంజలను నేలలో పాతి చర్చిలు కట్టేవారు. నార్వేలోనే ఉన్న 12వ శతాబ్దపు ఉర్నెస్ చర్చి నేల కింద 1956-57లో తవ్వితే, అంతకన్నా పాత చర్చి గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. నేలలో దిగిన చెక్క ముందుగా పుచ్చేది సరిగ్గా నేల మట్టం దగ్గరే. చెమ్మా గాలీ రెండూ అందేది అక్కడే. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు ఆ రెండూ కావాలి. తేమ సుమారు 20 శాతానికి లోపే ఉంటే వాటి ఆటలు సాగవు.

బోర్గుండ్ వడ్రంగులు గుంజను నేలనుంచి పైకెత్తారు. ముందు రాళ్లు పరిచి, వాటి మీద లావాటి దూలాలను అడ్డంగా వేసి, మూలల్లో ఒకదాన్నొకటి కరిచేలా కూర్చారు. మూల స్తంభం అడుగును తొలిచి, ఆ కూడలి మీద బోర్లించినట్టు దించారు. నీరు చొరబడే అతుకుకు స్తంభమే మూత అయింది. గోడ పలకలను నిలువుగా నిలబెట్టి, కింది కొసలను దూలంలోని గాడిలోకి, పక్క అంచులను ఒకదానిలోకి ఒకటి దించారు. వాన నీరు చెక్క ఈనెల వెంటే కిందికి జారిపోతుంది. పట్టుకు ఇనుప మేకులను కాక చెక్క చీలలను నమ్ముకున్నారు.

అయితే ఆ గాడి దగ్గరే ఒక చిక్కుంది. జారిన నీరు అక్కడ నిలిస్తే పలకల కొసలు దాన్ని పీల్చుకుంటాయి. అందుకు వాళ్ల జవాబు చర్చి చుట్టూ తిరిగే వసారా. గోడ అడుగుభాగానికి జల్లు తగలకుండా కాపాడేది అదే. దాని పైన మరో కప్పు, ఆ పైన ఇంకొకటి. ఒక్కో కప్పు కిందున్న గోడకు చూరు పడుతుంది. వాలు నిటారుగా ఉండటంతో మంచు ఎక్కువకాలం నిలవదు. అందం కోసం పేర్చినట్టు కనిపించే ఈ అంచెల్లో ప్రతిదానికీ ఒక పని ఉంది.

కలప ఎంపికలోనూ అంతే జాగ్రత్త. చలి దేశపు పైన్ చెట్టు నిదానంగా పెరుగుతుంది, వలయాలు దగ్గరగా పడతాయి, చేవలో జిగురు దట్టంగా పేరుకుంటుంది. అక్కడ చెదల బెడద లేదు గానీ, చెక్కను తొలిచే పెంకు పురుగులు ఉన్నాయి. వాటికి ఇష్టమైనది బెరడు పక్కనుండే తెల్లచెక్క. చేవ ఎక్కువున్న ముసలి మానులను ఎంచుకుంటే పురుగుకూ కుళ్లుకూ మేత తగ్గినట్టే.

ఇవన్నీ అయ్యాకే పైపూత. జిగురెక్కువున్న పైన్ మొద్దులను, వేళ్లను గుట్టగా పేర్చి, గాలి చాలా తక్కువగా తగిలేలా కప్పి, నిదానంగా మగ్గబెడితే అడుగునుంచి తారు కారుతుంది. దాన్ని వేడిచేసి, పొడి వాతావరణంలో గోడలకూ చెక్క పెంకులకూ పూస్తారు. నీటిని తోసేసే ఈ పూత ఎల్లకాలం ఉండదు. ఎండ తగిలే దక్షిణపు గోడ మీద ముందుగా అరిగిపోతుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాల్సిందే.

ఈ తారుకు ఒక శత్రువుంది: నిప్పు. బెర్గెన్ దగ్గరి ఫాంటాఫ్ట్ చర్చిని 1992లో దుండగులు తగలబెడితే బూడిదైపోయింది. ఇప్పుడక్కడ కనిపించేది కొత్తగా కట్టినది. ఒకప్పుడు నార్వేలో ఇలాంటి చెక్క చర్చిలు వెయ్యికి పైగా ఉండేవని అంచనా. మిగిలినవి 28. ఊరివాళ్లు 1868లో పక్కనే కొత్త చర్చి కట్టుకున్నాక, 1877లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘం బోర్గుండ్ చర్చిని సొంతం చేసుకుంది. మంచి వడ్రంగానికి ఓపికగల యజమాని తోడవడం దీని అదృష్టం.

మన మండువా లోగిళ్లలోనూ చెక్క స్తంభం రాతి దిమ్మె మీదే నిలబడేది. ఇప్పుడు దాన్ని సిమెంటులో పాతేసి, పైన ఖరీదైన వార్నిష్ కొట్టి, రెండు వర్షాకాలాలకే పుచ్చిందని కంపెనీని తిట్టుకుంటున్నాం. బయటి చెక్కకు రంగు కొనే ముందు మూడు సంగతులు చూసుకోండి: నీరు ఎటు పోతోంది, కోసిన కొస ఎక్కడ తేలింది, తడిసిన చెక్కకు గాలి ఆడుతోందా. ఈ మూడూ సరిగా ఉంటే పూత సాయపడుతుంది. లేకపోతే ఏ డబ్బా కొన్నా దండగే.