అభిమాన కథల సిఫారసు - విమర్శ: ‘ఆర్.ఆర్.ఆర్.’ ఆధారిత రచనలకు మిశ్రవస్తు ప్రమాణం

వ్యాససంగ్రహం:

ఒక రచనలోని పాత్రలను, కథాలోకాన్ని తీసుకొని పాఠకులు, ప్రేక్షకులు తామే కొత్త కథలు రాసుకోవడాన్ని ‘ఫ్యాన్ ఫిక్షన్’ అంటున్నారు. ఈ వ్యాసంలో దానిని ‘అభిమాన కథ’గా వ్యవహరించడం జరిగింది. 2022లో విడుదలైన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రం ఆధారంగా అంతర్జాలంలో ఇటువంటి కథలు విరివిగా వచ్చాయి. అభిమానులు వాటిని ఒకరికొకరు ఏ ప్రాతిపదికపై సిఫారసు చేసుకుంటున్నారు, ఆ ప్రాతిపదిక సరిపోతుందా అన్నది ఇక్కడి ప్రశ్న. ‘పాత్రకు తగినట్లు ఉంది’ అనే ప్రశంస ఒక్కటే చాలదని, మన అలంకారశాస్త్రంలోని మిశ్రవస్తు భావన, ఔచిత్య విచారం ఈ కథల విమర్శకు మెరుగైన కొలమానాలు కాగలవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అభిమాన కథ, సిఫారసు, మిశ్రవస్తువు, ఔచిత్యం, అల్లూరి సీతారామరాజు, కొమురం భీం, నరసాపురం.

1. ఉపోద్ఘాతం:

అల్లూరి సీతారామరాజు (1897-1924) బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, తహసీల్దారుగా పనిచేసిన పినతండ్రి రామకృష్ణంరాజు సంరక్షణలో పెరిగాడు. ఆయన చదివిన పాఠశాలలలో నరసాపురంలోని టేలర్ హైస్కూలు ఒకటి. ఆ పట్టణానికి చేరువలోని చించినాడలో ఒక మిత్రుని ఇంట గుర్రపుస్వారీ నేర్చుకున్నాడని జీవితకథనాలు చెబుతాయి. ‘ఆర్.ఆర్.ఆర్.’లో మంటల్లో చిక్కుకున్న బాలుణ్ణి కాపాడడానికి వంతెనపై గుర్రాన్ని దౌడు తీయించే రామరాజు ఢిల్లీలో బ్రిటిష్ పోలీసు అధికారి. నరసాపురం విద్యార్థికీ ఈ అధికారికీ పేరు ఒకటే, జీవితం వేరు. చిత్రం మాత్రమే చూసిన అభిమాని రాసే కథలో ఆ దూరం మరింత పెరగవచ్చు, లేదా అనుకోని విధంగా తగ్గనూవచ్చు. ఆ పెరుగుదల, తగ్గుదలలను గుర్తించి చెప్పవలసినది విమర్శ.

చిత్ర ఇతివృత్తమే ఒక ఊహపై నిలిచింది. రామరాజు, కొమురం భీం చరిత్రలో ఎన్నడూ కలుసుకోలేదు. ఇద్దరి యౌవనంలోనూ ఇల్లు విడిచి వెళ్ళిన, వివరాలు స్పష్టంగా తెలియని కాలం ఉండడం తనను ఆకర్షించిందని, ఆ ఖాళీలోనే ఈ స్నేహాన్ని ఊహించానని దర్శకుడు రాజమౌళి 2019లో ప్రకటించాడు. మూలంలోని ఖాళీని పట్టుకొని ‘ఇలా జరిగి ఉంటే?’ అని అడగడం అభిమాన కథకు ప్రాణం. ఆ దృష్టితో చూస్తే ‘ఆర్.ఆర్.ఆర్.’ ఆధారిత రచనలు అభిమాన కథ మీద అల్లిన అభిమాన కథలు.

2. సిఫారసు పద్ధతి:

ఈ కథలకు ప్రధాన నిలయం 2009లో పాఠకులకు అందుబాటులోకి వచ్చి, 2019లో హ్యూగో పురస్కారం పొందిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే గ్రంథనిధి. ఇక్కడ కథకు నక్షత్రాల రేటింగు లేదు. నచ్చలేదని తెలిపే మీట లేదు. నచ్చితే ‘కుడోస్’ ఇవ్వవచ్చు, అభిప్రాయం రాయవచ్చు, దాచుకున్న కథకు ‘సిఫారసు’ అనే గుర్తు పెట్టవచ్చు. రచయిత అడగనిదే దోషాలు ఎత్తిచూపడం మర్యాద కాదన్నది అభిమాన సమాజాలలో విస్తృతంగా పాటించే అలిఖిత నియమం. ప్రతిఫలం లేకుండా, మారుపేరుతో, తోటి అభిమానులకు కానుకగా రాసిన కథను పుస్తక సమీక్ష తీరున చీల్చి చెండాడకూడదన్న వాదనలో న్యాయం ఉంది. అందుచేతనే ఈ వ్యాసం కథలను విడివిడిగా పేర్కొనక, రకాలుగా మాత్రమే పరిశీలిస్తుంది.

అయితే నింద లేని చోట విమర్శ మాయం కాలేదు. సిఫారసు రూపంలో కొనసాగుతోంది. పది కథలలో ఒకదానిని ఎంచి ‘ఇది చదవండి’ అనడం తక్కిన తొమ్మిదింటి గురించి కూడా ఒక తీర్పే. ఆ తీర్పుకు తరచుగా చెప్పే కారణం ‘పాత్రకు తగినట్లు ఉంది’ అన్న ఒక్క మాట. తెలుగు పాఠకునికి ఈ మాట కొత్త కాదు. 11వ శతాబ్దిలో క్షేమేంద్రుడు ‘ఔచిత్య విచారచర్చ’లో చర్చించిన ఔచిత్యానికి ఇది నేటి రూపం. కాని ఔచిత్యం అన్నప్పుడు దేనికి ఉచితం, ఎవరికి ఉచితం అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. సిఫారసులో ఆ ప్రశ్నకు చోటు దొరకడం లేదు.

3. మిశ్రవస్తు భావన:

ధనంజయుడు ‘దశరూపకం’లో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. భట్టుమూర్తి ‘వసుచరిత్ర’ అవతారికలో ఈ విభాగాన్ని రత్నాలతో పోల్చాడు. ఆయన దృష్టిలో కేవల కల్పిత కథలు కృత్రిమరత్నాలు. పూర్వకథలు గనిలో పుట్టిన రత్నాలు. సత్కవి కల్పన తోడైన పూర్వకథలు సానపట్టిన జాతిరత్నాలు. ఈ ఉపమానంలో గమనించదగిన అంశం ఒకటుంది. సాన కొత్త రాయిని సృష్టించదు. ఉన్న రాయిలోని కాంతిని బయటికి తెస్తుంది. పొరపాటున కాంతి ఉన్న భాగాన్నే అరగదీస్తే రత్నం చెడుతుంది.

తెలుగులో ఈ మార్గం ఎన్నడూ ఆగలేదు. వ్యాసభారతంలో లేని కృష్ణార్జున యుద్ధాన్ని చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ నాటకంతో జనానికి చేరువ చేశాడు. ప్రాణమిత్రులైన ఇద్దరు వీరులు తలపడితే ఏమవుతుందన్న ఆ కుతూహలమే ‘ఆర్.ఆర్.ఆర్.’కూ ఇంధనం. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం సన్న్యాసిగా జీవించిన వీరునికి సీత అనే ప్రేయసిని కల్పించింది. కాబట్టి అభిమాన కథలలోని కల్పనను చూసి తెలుగు పండితులు ఉలిక్కిపడవలసిన పని లేదు. ప్రశ్న కల్పన ఉందా లేదా అన్నది కాదు. ఆ కల్పన సానపట్టిందా, అరగదీసిందా అన్నది.

దశరూపకకారుడే మరొక సూత్రం చెప్పాడు. మూలకథలో నాయకునికి గాని రసానికి గాని తగనిది ఉంటే దానిని విడిచిపెట్టాలి, లేదా వేరొక విధంగా కల్పించాలి. మూలాన్ని సరిదిద్దే అభిమాన కథలకు ఇంతకంటే స్పష్టమైన అనుమతి అక్కరలేదు. అదే సూత్రం విమర్శకునికి ఒక బాధ్యతను కూడా అప్పగిస్తుంది: మూలంలో అనుచితమైనది ఏదో ముందుగా తాను గుర్తించాలి.

4. రెండు సన్నివేశాలు:

మొదటిది కొరడా దెబ్బల సన్నివేశం. పోలీసు అధికారిగా రామరాజు తన మిత్రుడైన భీమ్‌ను బహిరంగంగా కొరడాతో కొడతాడు. తరువాత సీత ద్వారా రామరాజు అసలు ఉద్దేశం తెలుసుకొని, అపార్థం చేసుకున్నానని బాధపడేవాడు భీమ్. దెబ్బలు తిన్నవాడే పశ్చాత్తాపపడడం చిత్రకథ వేగంలో కొట్టుకుపోతుంది. చిత్రం ముగిశాక జరిగిన రోజులను ఊహిస్తూ, మానిన గాయాల ముందు రామరాజును నిలబెట్టే అభిమాన కథల బలం ఇక్కడే ఉంది. అవి చిత్రం దాటవేసిన లెక్కను తిరిగి తెరుస్తాయి. ఇటువంటి కథను ‘కంటతడి పెట్టిస్తుంది’ అని మాత్రమే సిఫారసు చేస్తే దాని విలువలో సగం చెప్పినట్లు. అది మూలంలోని అనౌచిత్యాన్ని సవరించింది. చదివినవారు చిత్రాన్ని మళ్ళీ చూస్తే ఆ సన్నివేశం మునుపటిలా కనిపించదు. సానపట్టడం అంటే ఇదే.

రెండవది ముగింపు సన్నివేశం. ఏం కావాలని రామరాజు అడిగినప్పుడు భీమ్ చదువు అడుగుతాడు. చరిత్రలోని కొమురం భీం ఇల్లు విడిచి వెళ్ళిన కాలంలో చంద్రపూర్ ప్రాంతంలో విఠోబా అనే ముద్రాపకుని వద్ద చదవడం, రాయడం నేర్చుకున్నాడని, అస్సాం తేయాకు తోటలలో పనిచేశాడని జీవితకథనాలు చెబుతున్నాయి. అంటే దర్శకుడు కల్పనకు వాడుకున్న ఆ ఖాళీ నిజానికి భీం స్వయంగా అక్షరం సంపాదించుకున్న కాలం. చిత్రం ఆ అక్షరాన్ని రామరాజు చేతి దానంగా మార్చింది. భీమ్‌ను అమాయకునిగా, రామరాజును అన్నీ తెలిసినవానిగా చూపే అభిమాన కథ చిత్రానికి పూర్తి విధేయంగా ఉంటుంది. ‘పాత్రకు తగినట్లు ఉంది’ అన్న ప్రశంసకు అన్ని విధాలా అర్హమవుతుంది. భీమ్ తన అక్షరంతో తానే వచ్చే కథ ఆ కొలమానంలో ఓడిపోతుంది. సిఫారసుకు ఈ కొలమానం ఒక్కటే ఉంటే, చిత్రంలోని అసమానత కథ నుంచి కథకు అలవాటుగా మారి, చివరికి భీమ్ స్వభావంగా స్థిరపడుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. తాను కల్పిత కథనని చిత్రమే ముందుగా ప్రకటించుకుంది. అభిమాని రాస్తున్నది చిత్రంలోని భీమ్ గురించి. అటువంటప్పుడు చరిత్రతో కొలవడం న్యాయమా? చరిత్రకు విరుద్ధమన్న ఒక్క కారణంతో అభిమాన కథను తోసిపుచ్చడం న్యాయం కాదు. కాని పేర్లు తీసుకున్నప్పుడు ఆ పేర్ల వెనుక ఉన్న మనుషులూ కథలోకి వస్తారు. 2020లో విడుదలైన ప్రచార దృశ్యంలో భీమ్ టోపీ ధరించి కనిపించినప్పుడు ఆదిలాబాదు ఆదివాసీ నాయకత్వం నుంచి అభ్యంతరం వచ్చింది. చరిత్ర వక్రీకరణ జరిగిందంటూ తెలంగాణ హైకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2022లో న్యాయస్థానం కొట్టివేసింది. రాయడానికి స్వేచ్ఛ ఉందా అన్న ప్రశ్న అక్కడితో ముగిసింది. రాసినది ఎవరిని చిన్నబుచ్చింది అన్న ప్రశ్న న్యాయస్థానానిది కాదు, విమర్శది.

5. భాష:

ఈ కథలలో అధికభాగం ఆంగ్లంలో ఉన్నాయి. నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ అనువాదం ద్వారా చిత్రాన్ని చూసిన ప్రేక్షకులు ప్రపంచమంతటా ఉన్నారు. తెలుగు చిత్రంలో భీమ్ మాట్లాడేది తెలంగాణ తెలుగు. సుద్దాల అశోక్ తేజ రాసిన ‘కొమురం భీముడో’ పాట ఆ పలుకుబడిలోనే నడుస్తుంది. భీమ్ రామరాజును ‘అన్నా’ అని పిలుస్తాడు. ఈ కథలలో ఎక్కువ ఆదరణ పొందినవి ఈ ఇద్దరి మధ్య ప్రణయాన్ని ఊహించేవి; కొన్నింటిలో సీతకూ అందులో భాగం ఉంటుంది. తెలుగు చెవికి ‘అన్నా’ అన్న పిలుపు పక్కన ప్రణయం ఎబ్బెట్టుగా తోచవచ్చు. కాని తెలంగాణలో ఆ పిలుపు రక్తబంధానికి పరిమితం కాదు. గౌరవం, చనువు, సహచర్యం అన్నీ అందులో ఒదుగుతాయి. అందువల్ల ప్రణయమన్న కారణంతోనే కథను పక్కన పెట్టనక్కరలేదు. ఆ పిలుపులోని పొరలను కథ గుర్తించిందా, లేక అలంకారంగా వాడుకుందా అన్నది చూడాలి. ఈ పని చేయగలిగినవారు తెలుగు తెలిసిన పాఠకులు. వారు మౌనంగా ఉన్నంతకాలం ఆ తేడా సిఫారసులలోకి రాదు.

6. సిఫారసుకు మూడు ప్రశ్నలు:

రచయితను నొప్పించకుండానే సిఫారసును విమర్శగా మార్చవచ్చు. కథను ఎంచుకున్న పాఠకుడు తన రెండు మూడు వాక్యాలలో ఈ ప్రశ్నలకు సమాధానం చెబితే చాలు. ఒకటి, కథ మూలం నుంచి ఏమి తీసుకుంది, ఏమి చేర్చింది? రెండు, చేర్చినది మూలంపై కొత్త వెలుగు ప్రసరించిందా? మూడు, ఒకరిని పెంచడానికి మరొకరిని తగ్గించిందా? మొదటిది వస్తు విభాగానికి, రెండవది భట్టుమూర్తి చెప్పిన సానకు, మూడవది ఔచిత్యానికి సంబంధించినవి. మూడవ ప్రశ్నకు ‘అవును’ అనే సమాధానం వచ్చినా కథను సిఫారసు చేయవచ్చు. ఆ మాట దాచకుండా చెప్పాలి. ప్రశంసతో నిండిన పీఠికలు, ముందుమాటలు రాసే అలవాటు ఉన్న తెలుగు సాహిత్యలోకానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది.

7. ముగింపు:

- అభిమాన కథ తెలుగు సాహిత్యానికి పరాయి ప్రక్రియ కాదు. మిశ్రవస్తు సంప్రదాయానికి అది నేటి కొనసాగింపు.
- విమర్శను మర్యాద పేరిట పక్కన పెట్టిన సమాజంలో సిఫారసే విమర్శ. కనుక సిఫారసుకు కారణం చెప్పడం బాధ్యత.
- చిత్రపాత్రకు విధేయతను మాత్రమే కొలిస్తే చిత్రంలోని లోపాలే ప్రమాణాలవుతాయి. కొమురం భీం అక్షరాస్యత విషయం ఇందుకు నిదర్శనం.
- రంప తిరుగుబాటులో రామరాజుకు తోడుగా నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర వంటి సహచరులకు చిత్రంలో చోటు లేదు. రామరాజు ఆదివాసులకు నేర్పిన దానితో పాటు వారి నుంచి నేర్చుకున్నది కూడా చెప్పే కథ వస్తే, చిత్రానికి ఎంత దూరంగా ఉన్నా, అది ముందుగా సిఫారసు చేయదగినది.
- తెలుగు శాఖలలోని పరిశోధకులు ఈ కథలను కాలక్షేపంగా తోసిపుచ్చకుండా చదవవలసిన అవసరం ఉంది. నరసాపురం పాఠశాలలో చదివిన రామరాజును, జోడేఘాట్‌లో నేలకొరిగిన భీంను ప్రపంచంలోని ఎందరో కొత్త పాఠకులు మొదట కలుసుకుంటున్నది ఇక్కడే.