జారుడు ధాతువులు

నిఘంటువును విమర్శించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కావ్యమునకు వలెనే నిఘంటువునకును ఒక కూర్పు కలదు. ఆ కూర్పునందు కర్త యభిప్రాయము దాగియుండును. క్రీ.శ. 933లో బాగ్దాదున మరణించిన ఇబ్న్ దురైద్ పండితుని ‘జమ్హరతుల్ లుగా’ అట్టి అరబ్బీ నిఘంటువు. హైదరాబాదున 1888లో నెలకొన్న దాయిరతుల్ మారిఫ్ సంస్థ దీనిని హిజ్రీ 1344, అనగా 1925-26, మొదలుకొని ముద్రించినది. పాతనగరమున 1876లో జామియా నిజామియా విద్యాలయమును స్థాపించిన అన్వరుల్లా ఫారూఖీగారు ఆ సంస్థ స్థాపకులలో నొకరు.

అరబ్బీలో ‘జల్ల’ యనగా అడుగు జారుట. మాట తప్పుటకును అదియే పదము. ‘జలిక’ యనగా కాలు నిలువని నునుపు. ‘జలజ’ యనగా వేగముగా జారిపోవుట. గొంతులో సులువుగా దిగు చల్లని తేటనీరు ‘జులాల్’. పాతనగరపు ఉర్దూలో భూకంపమునకు వాడు ‘జల్‌జలా’యు ఈ కుటుంబములోనిదే; అక్షరముల యావృత్తి కదలిక యావృత్తిని సూచించునని పూర్వులు చెప్పిరి.

ఇబ్న్ దురైద్ రెండక్షరముల ధాతువులను ముందుంచి, వాని యావృత్తరూపములను పిమ్మట చేర్చి, మూడక్షరములవానిని ఆ తరువాత చెప్పెను. ఇట్టి వరుసను చూచినవారికి ‘జ-ల’ యను జంటలోనే జారుట యున్నదని తోచుట సహజము. గ్రంథమునకు గుణమిదియే, పాఠకునకు ప్రమాదమును ఇదియే. ఏలనన, ‘జ-ల-ఫ’ ధాతువునకు సామీప్యమర్థము; ‘జ-ల-మ’ నుండి వచ్చిన ‘అజ్లామ్’ ఇస్లామునకు పూర్వము శకునము చూచుటకు వాడిన బాణములు. వీనిలో జారుట ఎక్కడ? కూర్పు పోలికను చూపును గాని పుట్టుకను నిరూపింపదు.

మన ‘జారు’ నందలి దంత్య జకారమును విని, అరబ్బీతో చుట్టరికము కలుపువారు ఉండవచ్చును. సంస్కృతమున ‘స్ఖలనము’నకును కాలు జారుట, తప్పు చేయుట రెండును అర్థములే, అందు ‘జ’ లేదు, ‘ల’ కలదు. కాలు జారితే తీసికోవచ్చును, నోరు జారితే తీసికోలేమని మన ముసలమ్మలు ఏ ధాతుపాఠమును చదువకయే చెప్పుదురు. అర్థములు కలిసినది మనుష్యుల యనుభవము కలియుట చేత. రక్తసంబంధము చేత కాదు.

అన్ని భాషలును సంస్కృతజన్యములనువారికిని, తమ భాషయే మూలమను తక్కినవారికిని ఈ భేదము తెలియుట అవసరము. మన పిల్లలు పొరుగింటి ‘జల్‌జలా’ను దాని బంధువులతోకూడ నేర్చుకొందురు గాక. పొరుగువారిని గౌరవించుటకు వారు మన జ్ఞాతులే కానక్కరలేదు.